పళ్లెం కరిగిన ఉగాది

భోజనానికి పిలిచి, అన్నంతోపాటు పళ్లెం కూడా తినిపించి పంపిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే అది నేనే. అతిథి మర్యాదల్లో మా గోదావరి వాళ్లది పెట్టింది పేరని మీరు వినే ఉంటారు. ఆ పేరుని జర్మనీలోని ఆకెన్ దాకా మోసుకెళ్లి, ఒక ఉగాది మధ్యాహ్నం, మా తెలుగు సంఘం మొత్తం చూస్తుండగా పప్పుచారులో ఎలా కలిపేశానో చెబుతాను. కల్పించి చెబుతున్నానని అనుకోకండి. సాక్షులు ఇప్పటికీ ఉన్నారు. కాకపోతే వాళ్లలో ఒకావిడ సాక్ష్యాన్ని నమిలి మింగేసింది.

అప్పట్లో నేను ఆకెన్‌లో మాస్టర్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. థీసిస్ బయోపాలిమర్ల మీద. పేరు చూసి పేజీ తిప్పేయకండి. ప్లాస్టిక్ అంటే పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు. ఆ గొలుసుల్ని భూమిలోంచి తోడిన చమురుతో కాకుండా, ఏటా పండే మొక్కజొన్న, బంగాళాదుంప, బియ్యం లాంటి వాటితో చేస్తే అది బయోపాలిమర్. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, మా అమ్మమ్మ కాటన్ చీరలకి పెట్టే గంజిని విదేశాలకి పంపి పెద్దచదువు చదివిస్తే అదే నా థీసిస్.

మా ల్యాబులో అందరూ బంగాళాదుంప పిండితో చేసేవారు. జర్మనీ కదా, ప్రయోగశాలలోనైనా వంటింట్లోనైనా ఆలుగడ్డకే పెద్దపీట. నేను మాత్రం నూకలతో చేస్తానని పట్టుబట్టాను. మిల్లులో బియ్యం ఆడించాక మిగిలే నూకలకి ఒక గౌరవం తేవాలని, ప్లాస్టిక్ పళ్లాలకి నా చేతులతో చరమగీతం పాడాలని నా సంకల్పం. పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు కదా, నా పట్టుదల ముందు ఆ కుందేలు అసలు కాళ్లే లేవని ఒప్పుకుని కూర్చుంది.

నా గైడ్ డాక్టర్ బ్రునర్ అనే ఆవిడ. పొడుగ్గా, సన్నగా, ముక్కుసూటిగా ఉండేది. నవ్వు కూడా ముందుగా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుంటేనే వచ్చేది. ఆవిడ దగ్గర దొరికే అతి పెద్ద మెప్పు "నిష్ట్ ష్లెష్ట్". అంటే "ఫర్వాలేదు" అని. ఆ ఒక్క మాట కోసం మా ల్యాబులో మనుషులు జుట్టు తెల్లబరుచుకున్నారు.

నూకల పిండిలో గ్లిజరిన్ కలిపి, వేడి అచ్చులో పెట్టి నొక్కితే నాకు పళ్లెం వచ్చింది. తడికి నానకుండా దానిమీద తేనెమైనం పూత పూశాను. చూడటానికి లేత గోధుమరంగులో ముద్దుగా ఉండేది. ఒకరోజు దాన్ని డాక్టర్ బ్రునర్ బల్లమీద పెట్టాను. ఆవిడ వేలితో కొట్టి చూసింది, వంచి చూసింది, వాసన కూడా చూసింది.

"మాధవీ, ఇది ల్యాబులో బాగుంది. ల్యాబులో అన్నీ బాగానే ఉంటాయి. మామూలు మనుషులు మామూలుగా వాడుతుంటే చూడాలి నేను. నిలబడితే ప్రాజెక్టు కొనసాగించమని రాస్తాను, పీహెచ్‌డీకి నువ్వే ఉంటావు. నిలబడకపోతే మళ్లీ బంగాళాదుంపకే వెళ్దాం. దానికి ఆ అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు."

ఆ అబ్బాయి మా ల్యాబులోనే రెండు బల్లల అవతల ఉండేవాడు. ఆ క్షణం నుంచి అతను నాకు నిలువెత్తు ఆలుగడ్డలా కనబడటం మొదలుపెట్టాడు.

"చూపిస్తాను. వచ్చే శనివారం మా ఉగాది భోజనం ఉంది. మీరు రండి. సంఘమంతా నా పళ్లాల్లోనే తింటుంది" అన్నాను.

నోరు జారడమంటే ఇదే. సంఘానికి ఇంకా ఆ సంగతి తెలియదు.

* * *

ఉగాది ఏ వారం వచ్చినా మా సంఘానికి శనివారమే వస్తుంది. దాని వంట, వడ్డన, పెత్తనం అంతా శేషగిరి గారిది. గుంటూరు మనిషి. వారమంతా కంప్యూటర్ ముందు, వారాంతమంతా గంగాళం ముందు. ఆయన పప్పుచారు కోసం కొలోన్ నుంచి కూడా రైలెక్కి వచ్చేవాళ్లు ఉన్నారు. సంగతి చెప్పగానే ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"అమ్మాయ్, పోయినేడు కాగితం ప్లేట్లు తెచ్చాం. ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"వాటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందండీ."

"మరి నీ వాటికి పూత లేదా?"

"ఉందండీ. తేనెమైనం. తేనెటీగలు చేసింది."

"అంటే అందర్నీ తేనెపట్టులో కూర్చోబెట్టి వడ్డించాలా? కుట్టవు కదా?"

"శేషగిరి గారూ, నా పీహెచ్‌డీ దీనిమీదే ఆధారపడి ఉందండీ. మా గైడ్ కూడా వస్తోంది."

ఆయన మెత్తబడ్డారు. చదువుకునే పిల్లలంటే ఆయనకి జాలి. "సరేలే. పిల్ల భవిష్యత్తంటే కాదనలేం కదా. కానీ కాగితం ప్లేట్ల కట్ట కూడా నా కారులో పడేసుకుంటా. నీమీద నమ్మకం లేక కాదు. నాకు కారులో బరువుంటేగానీ డ్రైవింగ్ కుదరదు" అన్నారు.

ఇక నేను కొలిమి ముందు కూర్చున్న కమ్మరిలా ప్రెస్ మెషీన్ ముందు కూర్చున్నాను. నా రూమ్మేట్ స్వప్నది కరీంనగర్, మెకానికల్ చదివేది. పళ్లాలు లెక్కపెట్టి అట్టపెట్టెల్లో సర్దే పని తనది. రోజూ సాయంత్రం తను అడిగేది ఒకటే ప్రశ్న: "ప్రెస్‌కి రేపు టెర్మిన్ దొరికిందా?" దొరకకపోతే దొరికినవాళ్లని బతిమాలి, మర్నాడు వాళ్లకి పులిహోర తీసుకెళ్లేదాన్ని. నా బయోపాలిమర్ అసలు ముడిసరుకు నూకలు కాదు, పులిహోర అనుకోవచ్చు.

పరీక్షలు కూడా నిష్ఠగా చేశాను. చల్లటి నీళ్లు పోసి రాత్రంతా ఉంచాను. పళ్లెం చెక్కుచెదరలేదు. పెరుగు పోశాను. అదే మాట. ల్యాబులో వాళ్లు సరదాకి వాళ్ల ఆలుగడ్డ సలాడ్ పెట్టారు, ఒకడు బీరు పోశాడు. పళ్లెం అన్నిటినీ యోగిలా భరించింది. ఇదంతా స్వప్న చూస్తూనే ఉంది. చివరికి ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏందే, నీళ్లు పోసినవ్, పెరుగు పోసినవ్, ఆఖరికి బీరు గూడ పోసినవ్. ఉగాదికి మనోళ్లు బీరు తాగనీకి వస్తున్నరా? చారు పోసి చూసినవా?"

"చారులో ఉండేది నీళ్లే కదే."

"నీళ్లకు చారుకు తేడా తెల్వదా నీకు? ఒక్కసారి పోసి చూడరాదే. నీదేం పోతది?"

సైన్సు మనిషిని కదా, సవాలు చేస్తే ఊరుకుంటానా? "చూడు మరి!" అని ఫ్రిజ్ తలుపు తీశాను. లోపల ఆదివారం కాచిన చారు ఉంది. మాస్టర్స్ పిల్లల ఇళ్లలో చారు ఆదివారం పుట్టి శుక్రవారం దాకా బతుకుతుంది. మా మైక్రోవేవ్ ఎప్పుడో కన్నుమూసింది. మాకు వేడిచేసుకునే ఓపిక లేదు. అందుకని చల్లటి చారే, చల్లటి అన్నంలో, నిలబడి తినేసేవాళ్లం. ఆ చారునే గరిటెతో తీసి పళ్లెంలో పోశాను. పొద్దున్నే ఇద్దరం కలిసి చూశాం. పళ్లెం పళ్లెంలాగే ఉంది.

స్వప్న వేలితో టకటకా కొట్టింది. "అబ్బ, రాయి లెక్క ఉన్నది! ఇగ నీకు తిరుగు లేదు పో."

"చారు పరీక్ష పాస్" అని నేను గట్టిగా ప్రకటించాను.

మీకు అప్పుడే అర్థమైపోయింది కదూ? మీరు వేడన్నం తినే అదృష్టవంతులు కాబట్టి మీకు అర్థమైంది. పొద్దున రొట్టె, మధ్యాహ్నం క్యాంటీన్‌లో గోరువెచ్చటి ముద్ద, సాయంత్రం ఫ్రిజ్ చారు తిని తిని, చారు అనే పదార్థం వేడిగా ఉంటుందన్న సంగతే మా ఇద్దరి బుర్రల్లోంచి చెరిగిపోయింది. పైగా పళ్లెం పుట్టిందే వేడి అచ్చులో. వేడిలో పుట్టింది వేడికి భయపడుతుందా అని నా ధీమా. మైనం మాత్రం ఆ తర్వాత చల్లగా వచ్చి కూర్చున్న అతిథి అని నాకు తోచలేదు.

* * *

శనివారం వచ్చింది. ఆకెన్ మీద ఎప్పటిలాగే చినుకులు. చర్చి పక్కన అద్దెకి తీసుకున్న హాలులో పొడుగాటి బల్లలు వేసి, పూలపూల కాగితం పరిచాం. దానిమీద నా పళ్లాలు, అదే పిండితో చేసిన చిన్న గిన్నెలు వరసగా కూర్చున్నాయి. హాలు బాధ్యత చూసే పీటర్స్ గారు తాళాల గుత్తి పట్టుకుని ఓ మూల నిలబడ్డారు. డాక్టర్ బ్రునర్ చెప్పిన వేళకి సరిగ్గా వచ్చింది. మనవాళ్లెవరూ ఇంకా రాలేదు కాబట్టి ఆవిడ చాలాసేపు పళ్లాలతోనే కాలక్షేపం చేసింది.

ముందు ఉగాది పచ్చడి. చిన్న గిన్నెల్లో పోశాం. గిన్నె నిలబడింది. పులిహోర వడ్డించాం. పళ్లెం నిలబడింది. గారెలు, బొబ్బట్లు, అన్నం, మామిడికాయ పప్పు, అన్నీ ఎప్పుడో వండి చల్లారినవే. పళ్లాలన్నీ కవాతులో సిపాయిల్లా నిలబడ్డాయి. జనం పళ్లెం అంచులు నొక్కి చూసి మెచ్చుకుంటున్నారు.

"నిజంగా బియ్యంతో చేశావా అమ్మా?"

"నూకలతోనండీ!"

"మరి తినెయ్యొచ్చా?"

"తినక్కర్లేదండీ, పడేస్తే చాలు. మట్టిలో కలిసిపోతుంది."

డాక్టర్ బ్రునర్ తన పళ్లెం ఒక పక్క ఎత్తి అడుగు చూసింది. తడి లేదు. నావైపు తిరిగి, అక్షరం అక్షరం తూచి, "నిష్ట్ ష్లెష్ట్" అంది. నాకు హాలులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగినట్టయింది. బంగాళాదుంప అబ్బాయి మొహం ఊహించుకుని ఇంకో బొబ్బట్టు తిన్నాను.

అప్పుడు వంటగది తలుపు తెరుచుకుంది.

శేషగిరి గారు రెండు చేతులా బకెట్ పట్టుకుని బయటికొచ్చారు. ఆయన ముందు ఆవిరి నడుస్తోంది. కళ్లజోడు పూర్తిగా మసకబారింది. "జరగండి జరగండి! వేడి వేడి పప్పుచారు! పొయ్యి మీంచి ఇప్పుడే దించా!" అని కేక.

ఆ ఆవిరి చూశాక నా బుర్రలో ఒక చిన్న ప్రశ్న లేచి నిలబడింది: మా ఇంట్లో చారుకి ఎప్పుడూ పొగ రాలేదేం?

దాని వెనకాలే జవాబు కూడా వచ్చేసింది. తేనెమైనం దేనికి కరుగుతుంది? వేడికి. అది కరిగాక కింద ఏముంటుంది? నూకల పిండి. నూకల పిండిలో మరిగే నీళ్లు పోస్తే ఏమవుతుంది? దానికి పాలిమర్ కెమిస్ట్రీ అక్కర్లేదు, గంజి కాచిన ప్రతి ఆడపడుచుకీ తెలుసు. నేను పరుగున వెళ్లి శేషగిరి గారి చెయ్యి పట్టుకున్నాను.

"శేషగిరి గారూ, కాస్త చల్లారనిద్దామండీ."

"చల్లారిన పప్పుచారా? ఉగాది పూటా? ఇవాళ ఏం చేస్తే ఏడాదంతా అదేనమ్మా! సంవత్సరం పొడుగునా చల్లచారు తాగమంటావా జనాన్ని?"

"ఒక్క పావుగంటండీ!"

"అమ్మాయ్, జనం అన్నం పెట్టుకుని కూర్చున్నారు. తప్పుకో."

స్వప్న నా మొహం చూసి దగ్గరికొచ్చింది. "ఏమైందే? గట్ల తెల్లబడ్డవేంది?"

"స్వప్నా, మనం చారు ఎక్కణ్నించి తీసి పోశాం?"

"ఫ్రిజ్ల నుంచే..." అంటూనే తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! సచ్చినం పో!"

అప్పటికే ఆయన మొదటి వరస పూర్తిచేశారు. అందరూ అన్నం మధ్యలో గుంట చేసి పట్టుకుని కూర్చున్నారు, ఆయన ఆ గుంటలు నింపుకుంటూ పోతున్నారు. వింతేమిటంటే, ముందుగా వినబడ్డవి తిట్లు కాదు, మెచ్చుకోళ్లు.

"శేషగిరి గారూ, చారులో నెయ్యి వేశారా? పైన ఎంత బాగా తేలుతోందో!"

"నేను వెయ్యలేదే!" అని ఆయన బకెట్‌లోకి తొంగిచూశారు. "ఏమో, నా చేతి మహిమ అయ్యుంటుంది."

అది నెయ్యి కాదండీ. నా తేనెమైనం. పళ్లెం కాపలా వదిలేసి, చారుమీద హాయిగా ఈత కొడుతోంది. కాపలావాడే అలా ఉంటే ఇల్లేం నిలబడుతుంది? ముల్లొచ్చి ఆకుమీద పడ్డా, ఆకెళ్లి ముల్లుమీద పడ్డా చిరిగేది ఆకే అంటారు పెద్దలు. చారొచ్చి పళ్లెంమీద పడ్డా, పళ్లెమెళ్లి చారులో పడ్డా కరిగేది పళ్లెమే అని ఆ మధ్యాహ్నం తేలింది.

మొదట అంచులు కిందికి వాలాయి. తర్వాత మధ్యలో మెత్తబడింది. శేషగిరి గారి చిన్నకూతురు అన్వి కుర్చీమీద లేచి నిలబడి హాలంతా అదిరేలా అరిచింది: "మమ్మీ! మైన్ టెల్లర్ ఇస్ట్ వెక్!"

వాళ్లమ్మ, "తెలుగులో చెప్పమ్మా, ఏమైంది?" అని మందలించింది. అన్వి తన ఖాళీ చేతులు చూపించి, "ప్లేట్ పోయింది!" అంది.

ఇక్కడ బుద్ధున్నవాళ్లెవరైనా చేతులు జోడించి ఓటమి ఒప్పుకునేవారు. నేను ఒప్పుకోలేదు. పీహెచ్‌డీ కళ్లముందు చారులో కలిసిపోతుంటే ఎలా ఒప్పుకోను? కుర్చీ ఎక్కి గొంతెత్తాను.

"అందరూ వినండి! ఎవరూ పళ్లెం పైకెత్తకండి! చారు పోయించుకున్నవాళ్లు మాట్లాడకుండా తొందరగా తినండి! పళ్లెం కంటే ముందు అన్నం అయిపోవాలి!"

నమ్ముతారో నమ్మరో, మనవాళ్లు పోటీ అనుకుని తినడం మొదలుపెట్టారు. ఒకాయన ఎడమచేత్తో పళ్లెం చుట్టూ గట్టు కట్టి కుడిచేత్తో జుర్రుతున్నాడు. ఒకావిడ "ఇటువైపు కారుతోంది, ఇటు, ఇటు!" అని భర్తని చారు వెంట పరిగెత్తిస్తోంది. స్వప్న గుడ్డలు పట్టుకుని బల్లల కింద ఆనకట్టలు కడుతోంది. ఎవరో వెనకనుంచి, "అమ్మాయ్, అన్నం ఏదో పళ్లెం ఏదో తెలియట్లేదు, ఏది తినాలి?" అని అడిగారు.

"మెత్తగా ఉన్నది తినండి!"

"రెండూ మెత్తగానే ఉన్నాయి!"

ఈ యుద్ధమంతా జరుగుతుంటే ఒక్క డాక్టర్ బ్రునర్ మాత్రం కదలకుండా కూర్చుంది. చారు మొదట పోసింది ఆవిడకే, అతిథి కదా. కానీ జర్మన్ మర్యాద ప్రకారం బల్లమీద అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా ఆవిడ చెంచా ముట్టుకోదు. అందుకే హాలు మొత్తంలో పొగలు కక్కే చారులో అన్నిటికంటే ఎక్కువసేపు నానింది మా గైడ్ గారి పళ్లెమే. ఆఖరి గరిటె పడ్డాక ఆవిడ అటూ ఇటూ చూసి, "గూటెన్ ఆపెటీట్" అని అందరినీ తినమని మర్యాదగా చెప్పి, చెంచాతో ఒక పెద్ద ముద్ద తీసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది.

"చాలా బాగుంది. అన్నం మాత్రం కొంచెం సాగుతోంది. ఇది మీ ప్రాంతంలో పండే రకమా?"

"అవునండీ... నూకలతో చేసింది" అన్నాను. అబద్ధం చెప్పలేదని గమనించమని ప్రార్థన.

ఆవిడ ఇంకో నాలుగు చెంచాలు తింది. ఐదో చెంచాకి అడుగున బల్లమీద పరిచిన కాగితం పువ్వు కనబడింది. ఆవిడ ఆ పువ్వుని చెంచాతో మెల్లగా తట్టింది. చుట్టూ చూసింది. బల్ల కిందికి కూడా చూసింది.

"మాధవీ, నా పళ్లెం ఎక్కడ?"

"మీరు... తినేశారు డాక్టర్ బ్రునర్."

ఆవిడ జేబురుమాలుతో మూతి తుడుచుకుని, చెంచా పక్కన పెట్టి, "సోమవారం నా గదికి రా" అంది.

ఆ తర్వాత శేషగిరి గారు కారు దగ్గరికి వెళ్లి కాగితం ప్లేట్ల కట్ట తెచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నిజంగా చేతులు కాలిన మనుషుల మధ్య నిలబడి నేర్చుకున్నాను. అంతటితో అయిందా? శుభ్రం చేస్తుంటే పీటర్స్ గారు తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చి చెత్త సంచిలోకి చూశారు.

"ఇది తిండా, ప్లాస్టిక్కా?"

"రెండూనండీ."

"రెండిటికీ కలిపి డబ్బా లేదు. ఏదో ఒకటి చెప్పు."

రెండేళ్లు చదివిన చదువుకి అదే అసలు వైవా. అందులో నేను తప్పాను. ఆయనే సంచిలో ఒక చెంచా పెట్టి తిప్పి చూసి, "తిండి" అని తీర్పు చెప్పి, తిండి చెత్త వేసే బయో డబ్బా వైపు చూపించారు. ఆ మాట వినగానే ఏడుపొచ్చేసింది. గిన్నెలు తోముతూ తోముతూ ఏడ్చాను. స్వప్న పక్కన నిలబడి, "ఏడువకే. నేను గూడ ఫ్రిజ్ చారుకే మోసపోయిన గద" అని తనూ ఏడ్చింది.

* * *

సోమవారం డాక్టర్ బ్రునర్ గదిలోకి ఉరికంబం ఎక్కేవాడిలా నడిచాను. ఆవిడ ముందు కాఫీ ఉంది.

"నీ పళ్లెం ఓడిపోయింది" అంది.

"తెలుసు."

"కానీ నేను ఒక పళ్లెం తిన్నాను. నాకు ఏమీ కాలేదు. ఆదివారం కూడా బాగానే ఉన్నాను. వేడి చారులో పూర్తిగా కరిగి, తినడానికి పనికొచ్చే పొర చేశావు నువ్వు. చారుపొడి అందులో కట్టి మరిగే నీళ్లలో వేస్తే? పొట్లం విప్పక్కర్లేదు, పారెయ్యక్కర్లేదు. దాన్ని చెయ్యి. అది పనిచేస్తే ప్రాజెక్టు బతుకుతుంది. ఇదే ఆఖరి అవకాశం."

రొట్టె విరిగి నేతిలో పడిందంటారు. నా పళ్లెం కరిగి చారులో పడింది. ఎగిరి గంతెయ్యాలి కదా నేను? వేశాను కూడా. కానీ ల్యాబుకి వెళ్లి పని మొదలుపెట్టగానే నాలోని మూడుకాళ్ల కుందేలు మళ్లీ లేచి కూర్చుంది. కరిగిపోయేది చెయ్యాలా? ఊరంతా చూస్తుండగా కరిగి పరువు తీసిన దాన్నే, ఇంకా బాగా కరగమని నా చేతులతో బతిమాలాలా? మనసొప్పలేదండీ. పిండిలో నిమ్మ ఉప్పు కలిపి వేడిచేస్తే ఆ గొలుసులు ఒకదాన్నొకటి ముడివేసుకుంటాయని చదివాను. "కొంచెం గట్టిగా ఉంటే పొట్లం కట్టడానికి బాగుంటుంది" అని నాకు నేనే సర్దిచెప్పుకుని కొంచెం కలిపాను. మర్నాడు ఇంకొంచెం. ఆ పై వారం ఎవరికీ చెప్పకుండా ఇంకాస్త. పూత లేదు, మైనం లేదు. పొర మాత్రం సన్నగా, అద్దంలా, ఎంత ముచ్చటగా వచ్చిందో!

పరీక్ష ఎక్కడ? శేషగిరి గారి వంటింట్లోనే. ఈసారి ఫ్రిజ్ జోలికి పోకుండా, మరిగే చారులోనే వెయ్యాలని స్వప్న ముందే ఒట్టు పెట్టించుకుంది. డాక్టర్ బ్రునర్ కూడా వచ్చింది. ఆవిడకి ఆ పప్పుచారు రుచి మరిచిపోలేనట్టుంది. పొయ్యిమీద చింతపండు నీళ్లు తెర్లుతున్నాయి. శేషగిరి గారు తన సొంత చారుపొడిని నా పొరలో కట్టిన పొట్లాన్ని పువ్వు వేసినట్టు అందులో వేశారు.

అందరం వంగి చూశాం. పొట్లం మునిగింది, తేలింది, ఒక చుట్టు తిరిగింది.

"ఇప్పుడు కరుగుతుంది" అన్నాను.

కరగలేదు.

"గరిటెతో తిప్పండి, కరుగుతుంది."

తిప్పారు. కరగలేదు. శేషగిరి గారు మంట పెంచారు. గరిటెతో గిన్నె అంచుకేసి నొక్కారు. అది అటు జారి ఇటు జారి, చేపపిల్లలా ఆడుకుంది. చారు మరిగి మరిగి సగమైంది. పొట్లం ఎలా వెళ్లిందో అలాగే ఉంది. స్వప్న గోడకి తల ఆనించి, "కరగొద్దన్ననాడు కరిగె, కరుగుమన్ననాడు కరగకపాయె. ఇదేం మొండిదే, అచ్చం నీ లెక్కనే ఉన్నది!" అంది.

శేషగిరి గారు గరిటెతో ఆ పొట్లాన్ని పైకి తీసి, దీపం వెలుగులో పట్టి, ఇల్లంతా వినబడేలా అన్నారు: "అమ్మా మాధవీ! ఉగాదినాడు పోయిన నీ ప్లేటు ఇదిగో, ఇప్పుడు దొరికింది!"

అందరూ నవ్వారు. డాక్టర్ బ్రునర్ నవ్వలేదు. గరిటెలోంచి పొట్లం తీసుకుని, ఊదుకుని, రెండు పక్కలా పట్టి లాగింది. చిరగలేదు. కత్తెరతో కోసింది. లోపల చారుపొడి పొడిపొడిగా, ఒక్క చుక్క తడి లేకుండా ఉంది.

"ఇది కూడా నూకలేనా?"

"నూకలే. నిమ్మ ఉప్పు కలిపాను."

"కరిగేది చెయ్యమన్నాను కదా?"

"అన్నారు. నా చేత్తో కరిగేది చెయ్యడానికి మనసొప్పలేదు. కరగకూడదు అనుకుంటూనే చేశాను" అన్నాను. ఇక జర్మనీలో నా చదువు ఈ గరిటెతో సరి అనుకున్నాను.

ఆవిడ ఆ ముక్కని మడిచి జాగ్రత్తగా కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. "నిష్ట్ ష్లెష్ట్" అంది. "మరిగే చారులో ఇంతసేపు ఉండి లోపల తడవలేదు. దీంతో పళ్లెం చెయ్యి. పీహెచ్‌డీ అంతా అదే. కరిగే పొట్లం సంగతి బంగాళాదుంప అబ్బాయి చూసుకుంటాడు."

నేను శేషగిరి గారి వంటింట్లోనే స్వప్నని పట్టుకుని గంతులేశాను. శేషగిరి గారు మాత్రం గిన్నెలోకి చూస్తూ దిగాలుగా నిలబడ్డారు. పొడి పొట్లంలో, నీళ్లు గిన్నెలో ఉండిపోయాయి కాబట్టి ఆరోజు ఎవరికీ చారు లేదు. అందరం పెరుగన్నం తిన్నాం.

ఉగాదినాడు చేసిందే ఏడాదంతా అన్న ఆయన మాట పొల్లుపోలేదు. ఆ ఏడాదే కాదు, ఆ తర్వాత కూడా నేను పళ్లాలే చేస్తున్నాను. ఇప్పుడు అవి వేడి పప్పుచారుకి తొణకవు. నమ్మకపోతే పోసి చూసుకోండి, నేను ఎదురుగానే నిలబడతాను. డాక్టర్ బ్రునర్‌కి మాత్రం చిన్న అసంతృప్తి మిగిలిపోయింది. కొత్త పళ్లెంలో భోంచేసిన ప్రతిసారీ చివర్లో దాని అంచు కొరికి చూసి, "పాతదే రుచిగా ఉండేది" అంటుంది.

కాబట్టి యావన్మంది తెలుగువారికి ఇందుమూలముగా తెలియజేయునదేమనగా: ఇకమీదట ఫ్రిజ్‌లోంచి తీసిన చారుతో ఏ శాస్త్రసత్యాన్నీ నిరూపించబోనని, పొగలు రాని చారుని చారు అని పిలవబోనని, అతిథి తిన్నది అన్నమో పళ్లెమో తేలేవరకు ఎవరినీ బల్లముందు నుంచి లేవనివ్వనని త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. ఎందుకైనా మంచిదని ఈ ప్రమాణం మాత్రం స్టీలు కంచం మీద చెయ్యేసి చేశాను.